అట్ట వెనక అక్షరాలు

మా ముత్తాత ఫ్రెంచివారి కాలంలో పుదుచ్చేరి మునిసిపల్ సభలో కూర్చున్న మనిషి. గవర్నరు ఇంటి విందుకు పిలుపు వచ్చే కొద్ది తెలుగు ఇళ్లలో మాదొకటి. ఏరు దాటాక అరియాంకుప్పం వైపు కనిపించే వరిపొలాల్లో సగం మావేనని చెప్పుకునేవారు. మా తాతకు గుర్రపు బండీ బియ్యం మిల్లూ ఉండేవి. మా నాన్నకు దాయాదులతో కోర్టు వ్యవహారాలు ఉండేవి. నా దాకా వచ్చేసరికి ముందు హాలు, రెండు గదులు, ఒక టేకు కుర్చీ, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు మిగిలాయి.

ఆ కుర్చీ మా ముత్తాతది. పేము అల్లిక, ఎత్తయిన వీపు, వెడల్పాటి చేతులు. అందులో జారగిలబడడం ఎవరికీ కుదరదు. చిన్నప్పుడు మమ్మల్ని దాని దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. ఆయన ఊరి తగవులన్నీ అందులో కూర్చునే తీర్చాడని, ఆయన ఎదుట వేరెవరూ కుర్చీలో కూర్చునేవారు కాదని మా నాన్న చెప్పేవాడు. నేను దాన్ని నమ్మడమే కాదు, దాని మీద బతికాను.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది. నాకు ముప్పై నిండాయి, ఉద్యోగం లేదు. దొరికేవి చేయడానికి నాకు ఇష్టం లేదు. అప్పుడు ముత్తియాల్‌పేటలో ఒక సైకిల్ షాపు మేడ మీద కేబుల్ చానల్ నడుపుతున్నాయన మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మినవాడు. తెలుగువాడే. హాల్లో నిలబడే మాట్లాడాడు, నేను కూర్చోమని చెప్పేదాకా.

"అయ్యా, మన జనం ఊరు నిండా ఉండారు. సాయంత్రం ఏడింటికి పది నిమిషాలు తెలుగు వార్తలు పెడదామని. నగల కొట్టాయన యాడ్ ఇస్తానన్నాడు. మీరొచ్చి కూర్చుంటే చాలు. ఆ గొంతూ, ఆ నిటారూ యాడ దొరుకుతాది నాకు?"

ఒక రోజు ఆలోచించుకుంటానన్నాను. అడిగిన వెంటనే ఒప్పుకోవడం మా ఇంట్లో లేదు. మర్నాడు ఒప్పుకున్నాను. కుర్చీ మాత్రం నాదే ఉంటుందని షరతు పెట్టాను. ఆయన సంతోషంగా బండి పంపించి దాన్ని మేడ మీదికి ఎక్కించుకున్నాడు.

ఒక సంగతి ఆయనకు చెప్పలేదు. నాకు తెలుగు చదవడం రాదు.

మా ఊరి తెలుగువాళ్లలో ఇది వింత కాదు. మా తెలుగు నోట్లో ఉంటుంది, కంట్లో ఉండదు. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగే, బళ్లో తమిళం, ఇంగ్లీషు, మా తాత తరంలోనైతే ఫ్రెంచి. మాకు పాలు పోసే ఆవిడ "ఆ సుట్ట సుట్ట అక్షరాలు నాకు రావు సామీ" అని నవ్వుతూ చెప్పేది. ఆమె చెప్పగలిగింది. చదవడానికే కుదురుకున్న నేను చెప్పలేకపోయాను. ఏదోలా నెట్టుకురావచ్చు అనుకున్నాను. మా అమ్మ మాత్రం కొత్త కోటుకు ఇస్త్రీ చేస్తూ అడిగింది, "నీకు తెలుగు చదవను వస్తాదా? ఎప్పుడు నేర్చుకున్నావురా?" నేను కోటు తీసుకుని నా గదిలోకి వెళ్లాను. తను మళ్లీ అడగలేదు.

వార్తలు రాయడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. తండ్రి నూలు మిల్లులో పనిచేసేవాడు. పదో తరగతి దాకా నెల్లూరు దగ్గర పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుని వచ్చింది కాబట్టి తెలుగు రాయడం వచ్చు. తమిళ వార్తలను తెలుగులోకి మార్చి నాకివ్వడం ఆమె పని. వాళ్ల అవ్వ ఒకప్పుడు మా కళ్లంలో ధాన్యం చెరిగేదని మొదటి రోజే తనే చెప్పింది. మామూలుగా చెప్పింది. నేను దాన్ని మర్చిపోకుండా దాచుకున్నాను.

ఆ రోజు కాగితం నా చేతికిచ్చింది. చూశాను. "ఒకసారి నువ్వు చదువు, నడక ఎట్లుందో వింటాను" అన్నాను. చదివింది. మొదటి రెండు వాక్యాలు గుర్తుపెట్టుకుని కాగితం వైపు చూస్తూ తిరిగి చెప్పాను. మూడో దగ్గర ఆగిపోయాను. "వెలుతురు సరిగా లేదు" అన్నాను. ఆమె పైన వెలుగుతున్న రెండు పెద్ద లైట్లను చూసింది. నన్ను చూసింది. ఆ రోజు వార్తలు రికార్డు చేయలేదు. గొంతు బాగాలేదని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు చీరల పెట్టెల అట్టలు కోసి తెచ్చింది. ఒక్కో అట్టకు ఒకవైపు తెలుగులో, రెండోవైపు అదే తెలుగును తమిళ అక్షరాల్లో, లావు స్కెచ్ పెన్నుతో రాసింది. తమిళంలో లేని అక్షరాలకు పైన ఎర్ర చుక్కలు పెట్టింది. కెమెరా కింద స్టూలు మీద కూర్చుని, తమిళం నావైపు, తెలుగు తనవైపు వచ్చేలా అట్ట పట్టుకుంది. తనవైపు చూసుకుంటూ, నా చదువు ఎంతవరకు వచ్చిందో కనిపెట్టి అట్ట మార్చేది.

"ఇట్లయితే మీకు వాటంగా ఉంటాదని" అంది. అంతే.

"ఎవరికీ చెప్పవద్దు" అన్నాను.

"నేనెందుకు చెప్తానయ్యా. నాకేం పనిలేదా?"

కెమెరా అతను అట్టకు వెనకవైపు ఉండేవాడు, అతనికి తెలుగే కనిపించేది. ఓనరు ఆ గదిలోకి వచ్చేవాడే కాదు. వార్తలు అయిపోగానే ఆ అట్టలన్నీ పోగుచేసి, సాధన కోసమని చెప్పి ఇంటికి మోసుకుపోయేవాణ్ణి. ఎవరి కంటా పడకూడదని.

అట్లా నేను వార్తలు చదివేవాడినయ్యాను. పైన కోటు, కింద పంచె. చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేసేవారు. లైట్ల వేడికి పౌడరు కరిగి మెడలోకి దిగేది. తుడుచుకోవడానికి లేదు. కుళాయి నీళ్లు ఏ వీధికి ఏ పూట రావో, తేరు ఏ వీధి మీదుగా వెళ్తుందో, బంగారం ధర ఎంతుందో, ఏ ఇంట్లో ఎవరు కాలం చేశారో, అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాణ్ణి. మొదటి వారంలో మా వీధివాళ్లు ముప్పై మంది మా హాల్లో కూర్చుని చూశారని అమ్మ చెప్పింది. మా నాన్న పోయాక ఆ హాలు అంతగా నిండింది అదే మొదటిసారి.

బయటికి వెళ్తే గుర్తుపట్టేవారు. బస్సులో లేచి చోటిచ్చేవారు. కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆవిడ, తమిళావిడే అయినా మా వీధిలో తిరిగి తెలుగు పట్టుకున్న మనిషి, గంప దించి చేతులు నడుముకు పెట్టుకుని అడిగేది. "ఏందయ్యా, టీవీలో నవ్వనే నవ్వవు? రోజూ మీ ఇంట్లోనే ఎవరో పోయినట్టు ఉండావు!" వీధి మొత్తం నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు. అది గౌరవమనుకున్నాను.

నా కుర్చీలోంచి చూస్తే నాకు కనిపించేవి ఆ అట్ట, దాని అంచులు పట్టుకున్న రెండు చేతులు. ముఖం అట్ట వెనక ఉండేది.

ఆరు నెలలకు ఆ అమ్మాయి ఒక రోజు వార్తలు అయ్యాక వెళ్లకుండా నిలబడింది.

"అయ్యా, ఒక మాట అడగొచ్చునా?"

"అడుగు."

"ఆదివారం ఒక్క రోజు నేను చదివితే? సార్‌ని అడిగినా. అయ్య సరేనంటే నాకు సరే అన్నాడు. మీకూ ఒక రోజు రెస్టు ఉంటాది కదా."

"చూద్దాం" అన్నాను. మా ఇంట్లో చూద్దాం అంటే కాదనే అర్థం. ఆమెకు అది తెలియదు. సంతోషంగా మెట్లు దిగింది.

ఆ తరువాతి వారం నేను కొంచెం ఆలస్యంగా వెళ్లాను. లైట్లు సరిచూసుకోవడానికి కెమెరా అతను ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టాడు. చేతిలో కాగితం పెట్టుకుని ఆమె మెల్లగా చదువుతోంది. ఎదుట అట్ట లేదు, చుక్కలు లేవు. కళ్లు ఎత్తి కెమెరాను చూస్తూ, మళ్లీ దించుతూ, ఎదుటి ఇంటి మనిషికి కబురు చెప్తున్నట్టు చదువుతోంది. నేను గుమ్మంలో నిలబడి రెండు వార్తలు పూర్తిగా విన్నాను. నాకంటే బాగా చదువుతోందని ఆ రెండు వార్తల్లోనే తెలిసింది. నన్ను చూసి చప్పున లేచింది.

నేను కెమెరా అతనితో, "ఆ కుర్చీ కొంచెం తుడువప్పా" అన్నాను.

అతను నా ముఖం చూసి, గుడ్డ తీసుకుని తుడిచాడు. ఆమె అట్టలు తీసుకుని స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు కూడా అట్ట కదలకుండానే పట్టుకుంది.

ఆ మాట అన్న రోజు నుంచి నాకు నిద్ర చెడింది అని రాస్తే అబద్ధం. బాగానే నిద్రపోయాను. రెండు రోజుల తరువాత మాత్రం ఏదో గుచ్చినట్టయి, "చానల్ పెట్టి ఏడాది అయ్యే రోజు పండగ చేస్తారట కదా, అది అయిపోనీ, నేనే ఓనరుతో చెప్తాను, ఆదివారాలు నువ్వు చదువుదువు" అన్నాను. మా ఇంటి పేరు మీద మాట ఇస్తున్నానని కూడా అన్నాను. ఆమె ఆ సాయంత్రమే వాళ్ల వీధంతా చెప్పేసుకుందని తరువాత తెలిసింది. వాళ్ల అమ్మ చీర కూడా కొనిపెట్టిందట. ఆకుపచ్చది అయితే టీవీలో బాగుంటుందని.

ఏడాది పండగ రోజు మొదటిసారి రికార్డు చేయకుండా నేరుగా ప్రసారం చేశారు. అతిథిగా ఒక పెద్దాయన వచ్చాడు. నెల్లూరు వైపు ఊళ్లో తెలుగు మాస్టారుగా చేసి విరమించి, మా ఊళ్లో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. ఎనభై దాటాయి. రోజూ నా వార్తలు వింటాడట. ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ అట్టల మీద ఉన్నాయి. ఆయన ఎంతో చక్కగా జవాబులు చెప్పాడు. ఇక నమస్కారం చెప్పి ముగించాలి. అప్పుడు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"నాయనా, మీ ముత్తాతగారిని నేను ఆరేళ్లప్పుడు చూశాను. మా నాన్న మీ ఇంటి తిన్నె మీద సాయంకాలం బడి పెట్టి తెలుగు చెప్పేవాడు. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసుకొచ్చాను. నా కంటికి ఇప్పుడు ఆనడం లేదు. నీ గొంతుతో ఊరంతా వినాలి. చదువు నాయనా."

కాగితం నా చేతిలో పెట్టాడు.

రెండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. వరస వరసగా, ఒకే ఎత్తులో, గుండ్రంగా, మల్లెమొగ్గలు గుచ్చినట్టున్న అక్షరాలు. చదవడం రాని నాకే ఆ దస్తూరి ఎంత అందమైనదో తెలిసింది. కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఊరంతా చూస్తోంది. మా హాల్లో ఎంతమంది కూర్చున్నారో నాకు తెలుసు.

అట్ట కిందికి దిగింది. ఆ అమ్మాయి ముఖం మొదటిసారి ప్రసారం మధ్యలో కనిపించింది. ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. ఆమెకు అంతా అర్థమైంది. స్టూలు మీంచి సగం లేచి, చేయి చాపి, నాకివ్వండి, నేను చదువుతాను అన్నట్టు సైగ చేసింది. ఇచ్చి ఉంటే సరిపోయేది. 'మా సహోద్యోగి చదువుతారు' అని ఒక్క మాట అంటే చాలు. పెద్దాయన సంతోషించేవాడు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, ఆమె కోరికా తీరేది.

మా ముత్తాత గొప్పతనాన్ని మా కళ్లంలో చెరిగిన ఆవిడ మనవరాలు ఊరికి చదివి వినిపించడమా అనుకున్నాను. నిజంగా ఈ మాటల్లోనే అనుకున్నాను.

"క్షమించాలి మాస్టారూ, దస్తూరి సరిగా అర్థం కావడం లేదు" అన్నాను.

"నా దస్తూరియా?" అన్నాడు ఆయన మెల్లగా. నలభై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి. తన చేతి వైపు చూసుకున్నాడు. "అయితే వయసు మీదపడిందన్న మాట. పోనీలే నాయనా." నగల కొట్టు ప్రకటన వేసేశారు. ఆయన కర్ర వెతుక్కుని లేచాడు. కాగితం నా దగ్గరే ఉండిపోయింది.

ఓనరు గదిలోకి వచ్చాడు. "ఏమైందయ్యా? ఊరంతా చూస్తాండాది, పెద్దాయన ముఖం చిన్నబోయింది!"

నేను కోటు గుండీ విప్పుతూ చెప్పాను. ఉత్తరం ముందే తీసుకుని అట్ట మీదికి ఎక్కించి ఉంచడం ఆ అమ్మాయి పని అని, అజాగ్రత్త అని. "ఇట్లాంటి మనిషిని ఆదివారం కుర్చీలో కూర్చోబెడతారా?" అని కూడా అడిగాను. ఓనరుతో చెప్తానని ఆమెకు మాట ఇచ్చిన సంగతి అట్లా చెప్పాను.

ఉత్తరం ఆయన జేబులోంచి నేరుగా నా చేతికి వచ్చిందని ఆ గదిలో అందరూ చూశారు. ఓనరు కూడా బయట టీవీలో చూశాడు. అయినా నా ఇంటి పేరూ నా గొంతూ ఆయనకు కావాలి.

"ఏందిమ్మా, నిజమేనా?" అన్నాడు ఆమెతో.

ఆమె ఆయన వైపు చూడలేదు. నావైపు చూసింది. ఒక్క అట్ట తిప్పి చూపిస్తే చాలు, నా కథ అక్కడితో సరి. చేతిలోనే ఉంది.

"అయ్య చెప్తాండాడు కదా సార్" అంది.

అట్టలన్నీ సరిచేసి, తమిళం వైపు కిందికి వచ్చేలా నా బల్ల మీద పెట్టింది. టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. మర్నాడు రాలేదు.

ఆమె లేకుండా నేను ఒక్క వార్త చదవలేను. గొంతుకు జబ్బు చేసిందని చెప్పాను. ఓనరు వారం చూశాడు, రెండు వారాలు చూశాడు. నగల కొట్టాయన ప్రకటన ఆపేశాడు. తెలుగు వార్తలు అక్కడితో ఆగిపోయాయి. కుర్చీ బండి మీద ఇంటికి తిరిగొచ్చింది. అమ్మ చాలా రోజులు ఇరుగుపొరుగుకు నా గొంతు గురించి చెప్తూ వచ్చింది, మిరియాల కషాయం కాచి పోస్తూ వచ్చింది. నేను తాగుతూ వచ్చాను.

నా గదిలో అట్టలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక వానాకాలం, చేయడానికి ఏమీ లేక, ఒకటి తీశాను. కుళాయి నీళ్ల వార్త. తమిళం వైపు చదివాను. తిప్పి తెలుగు వైపు చూశాను. మళ్లీ తిప్పాను. ఏ అక్షరం దేనికి సరిపోతుందో అట్లా తెలుస్తూ వచ్చింది. నోట్‌బుక్కు తెచ్చుకుని దిద్దడం మొదలుపెట్టాను. బంగారం ధరలు, తేరు వీధులు, చావు కబుర్లు, అన్నీ మళ్లీ ఒకసారి రాశాను. దాదాపు ఏడాది పట్టింది. ముప్పై నాలుగేళ్ల మనిషి తలుపు గొళ్లెం పెట్టుకుని అక్షరాలు దిద్దుకున్నాడు.

తరువాత మాస్టారి ఉత్తరం తీశాను.

మా ముత్తాతకు తెలుగు చదవడం రాదట. ఫ్రెంచి బళ్లో చదివినవాడు కావడంతో నేర్చుకోలేదట. నలభై దాటాక, పొలాల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు తిన్నె మీద బడి పెట్టించి, మొదటి రోజు సాయంత్రమే తనూ పలక పట్టుకుని వచ్చాడట. ఉత్తరంలో ఇట్లా ఉంది: "లోపలి నుంచి తన కుర్చీ తెప్పించి మా నాన్నను అందులో కూర్చోమన్నారు. నాన్న వణికిపోయాడు. చదువు చెప్పేవాడు కింద, నేర్చుకునేవాడు పైన ఉంటే ఎట్లా అని ఆయన చాప మీద, పిల్లల పక్కన కూర్చున్నారు. ఆయన 'అ' దిద్దుతుంటే నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు."

మాస్టారి కూతురి ఇంటికి వెళ్లాను. ఆయన సొంత ఊరికి వెళ్లిపోయారని చెప్పి చిరునామా ఇచ్చారు. ఆ ఉత్తరం ఆయనకు తిరిగి పంపాలి, ఒక నకలు నా దగ్గర ఉంచుకోవాలి అనుకున్నాను. ఆ అమ్మాయి అరియాంకుప్పం బస్‌స్టాపు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తోందని నాకు అప్పటికే తెలుసు. మా వీధి చివరే జిరాక్స్ ఉంది. నేను బస్సెక్కి అరియాంకుప్పం వెళ్లాను. ఏం చెప్పాలో బస్సులో రెండుసార్లు అనుకున్నాను.

కౌంటర్ వెనక ఆమె తల ఎత్తింది. "రండయ్యా. ఏం కావాల?"

"నకలు" అన్నాను.

మెషిన్ మూత ఎత్తి కాగితం చూసి ఆగిపోయింది. నిలబడి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. లైట్ల వెలుతురులో ఆ రోజు విన్న గొంతే. నోట్సు కోసం వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా మాట్లాడకుండా విన్నారు. అయ్యాక కాగితం మెషిన్ మీద పెట్టింది.

"ఇది చదివినారా మీరు?"

"చదివాను."

"ఎవరు నేర్పినారు?"

బస్సులో అనుకున్న మాటలన్నీ అక్కడే, నాలుక మీదే ఉన్నాయి.

"నేనే నేర్చుకున్నాను" అన్నాను.

"సరి" అంది.

కవరు అడిగి తీసుకుని, ఆమె పెన్నుతోనే ఆ కౌంటర్ మీద మాస్టారి చిరునామా రాశాను. జిగురు అంటించడానికి ఆమె కవరు తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. ఆమె 'ళ' కింది సున్న కొంచెం పెద్దగా ఉంటుంది, ఆమె తలకట్లు కుడివైపు లేచి ఉంటాయి. నావీ అంతే. వేరే ఎట్లా ఉంటాయి? నేను దిద్దింది వాటినే. ఈ పేజీలు కూడా ఆ చేతితోనే రాస్తున్నాను.

"దస్తూరి బాగుండాదయ్యా" అంది. కవరు నా చేతికిచ్చింది. "బాగా అర్థమవుతాది."

నేను చిల్లర తీసుకుని బస్సెక్కాను.

ఆ తరువాతి ఏడు, ముత్తాత కుర్చీని, దాంతోపాటు హాల్లోని రెండు బీరువాలను, హోటళ్లకు పాత సామాను సరఫరా చేసే కొట్టుకు అమ్మేశాము.